మత్తులో చౌడేశ్వరి విన్నది

కంకిపాడు దాటేసరికి మాధురి కింద పరిచిన పాత దుప్పటి నెత్తుటితో ముద్దయిపోయింది. కారు వెనక సీట్లో కూతురి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చౌడేశ్వరి ఆ సంగతి ముందు సీట్లో ఉన్న అన్న వీరభద్రయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన కారు నడుపుతున్న కొడుకు మీద అరుస్తాడు. కొడుకు కంగారులో ఎదురుగా వచ్చే గడ్డి ట్రాక్టరును చూసుకోడు. అందుకని చీర కొంగుతో కూతురి నుదురు తుడుస్తూ కూర్చుంది.

కారు నడుపుతున్న ఆ కొడుకు ఉమామహేశే మాధురి మొగుడు. చౌడేశ్వరి తన పిల్లను అన్న కొడుక్కే ఇచ్చుకుంది. తన పెళ్లి కూడా మేనత్త కొడుకుతోనే జరిగింది. చల్లపల్లి నేతగాళ్ల వీధిలో పిల్ల పుట్టగానే ఫలానావాడి పెళ్లాం అనేసుకోవడం మామూలు. ఎవరైనా బయట సంబంధం చూసుకుంటే, పాపం ఇంట్లో వాళ్లలో ఏం లోపం కనపడిందో అని వీధంతా జాలిపడుతుంది.

మాధురికి ఇంకా నెలలు నిండలేదు. పొద్దున మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటున్న తల్లి దగ్గరికి వచ్చి, పొట్టంతా రాయిలా బిగుసుకుపోతోందని చెప్పింది. కాసేపటికి నెత్తురు కనపడింది. చల్లపల్లిలో చూసిన డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యి వేసి, ఇక్కడ పనికాదు, బెజవాడ తీసుకెళ్లండి, దారిలో ఎక్కడా ఆగొద్దు అంది. ఆగకుండా వచ్చినవాళ్లు ఆటోనగర్ దగ్గర లారీల వరసలో ఇరుక్కుపోయారు. ఉమామహేశ్ హారన్ మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. మాధురి మూలగడం మానేసింది. మూలుగు కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

బందరు రోడ్డు నుంచి పక్కకు తిరిగిన సందులో ఒక నర్సింగ్ హోమ్. లోపలికి తీసుకెళ్లిన వాళ్లు ఎక్కువసేపు చూడలేదు. మాయ విడిపోతోందని, తల్లీ బిడ్డా దక్కాలంటే ఇప్పుడే పెద్దాపరేషన్ చెయ్యాలని చెప్పారు. రక్తం కోసం ఉమామహేశ్‌ను బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తించారు. ఇక పెద్దదిక్కుగా మిగిలింది వీరభద్రయ్య. చౌడేశ్వరి భర్త పోయి చాలాకాలమైంది. అప్పటి నుంచి రెండిళ్ల తరఫునా మాట్లాడేది ఆయనే.

మత్తు డాక్టరు హరిచందన చేతులకు గ్లవ్స్ తొడుక్కుంటూనే బయటికి వచ్చింది. చిన్న వయసే. మాట మాత్రం స్థిరంగా ఉంది.

“బీపీ పడిపోతోందండీ. వెన్నులో ఇంజెక్షన్ ఇవ్వడం కుదరదు, పూర్తి మత్తు ఇచ్చి చెయ్యాలి. అమ్మాయికి ఇదివరకు ఆపరేషన్లేమైనా అయినయ్యా? మందులేమైనా పడవా? మీ ఇళ్లల్లో ఎవరికైనా మత్తు వల్ల ఇబ్బంది వచ్చిందా?”

“లేదండీ,” అన్నాడు వీరభద్రయ్య. “మా ఇళ్లల్లో అట్టాంటివేం లేవు మేడం. మీరు కానివ్వండి.”

డాక్టరు తలూపి వెనక్కి తిరిగింది.

ఆయన అబద్ధమాడలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. తెలిసి దాచిపెట్టినవాడైతే గొంతులో ఎక్కడో తడబాటు ఉండేది, డాక్టరు ఇంకొక ప్రశ్న వేసేది. వీరభద్రయ్య నిండు మనసుతో లేదన్నాడు. ఆయన ఎరిగినంతలో వాళ్ల ఇంట్లో మత్తు వల్ల జరిగింది ఇబ్బంది కాదు, వరం. ఆ వరం పొందిన మనిషి పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

పెళ్లయిన కొత్తల్లో చౌడేశ్వరికి ఇరవైనాలుగ్గంటల నొప్పి వచ్చింది. అపెండిసైటిస్‌ను అప్పట్లో ఊళ్లలో అలాగే అనేవాళ్లు. బందరులో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగానే అయింది కాని చౌడేశ్వరి లేవలేదు. గుండె కొట్టుకుంటోంది, ఊపిరి మాత్రం లేదు. అక్కడి వాళ్లు నోట్లో గొట్టం ఉంచి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి అందిస్తూ కూర్చున్నారు. ఒకరి చెయ్యి పీకితే ఇంకొకరు అందుకున్నారు. ఏమైందో చెప్పగలిగినవాళ్లు లేరు. చివరికి పొద్దుగూకే వేళకు చౌడేశ్వరి వేలు కదిలింది, తర్వాత రొమ్ము కదిలింది.

వీధికి తెలిసిన కథ ఇంతే. చౌడేశ్వరికి తెలిసిన కథ వేరు. ఆమె ఆ సమయమంతా నిద్రలో లేదు. ఆపరేషన్ అయిన కాసేపటికే తెలివి వచ్చేసింది. గొంతులో గొట్టం ఒరుసుకోవడం తెలుస్తోంది, కుట్ల దగ్గర మంట తెలుస్తోంది. కళ్లు తెరవాలని చూస్తే రెప్ప లేవలేదు. అరవాలని చూస్తే నాలుక తనది కాదు. గదిలో వాళ్లు మాట్లాడుకునే ప్రతి మాటా వినపడుతోంది. పోయినట్టేనేమో అని ఒకరు అన్నారు, ఇంట్లో వాళ్లకు కబురు చెప్పమని ఇంకొకరు అన్నారు. బయట తల్లి గుండెలు బాదుకుంటూ ఏడుస్తోంది. నేను బతికే ఉన్నానని ఒక్క మనిషికి తెలియజెయ్యడానికి ఆమె ఒంట్లో కదిలే అవయవం ఒక్కటి కూడా లేకపోయింది.

లేచాక తల్లితో చెప్పింది. ఎవరెవరు ఏమేం అన్నారో అప్పజెప్పింది. తల్లి కూతురికి రెండు చేతులూ జోడించింది. పోయిందనుకున్న పిల్లకు గదిలో మాటలెలా వినపడతాయి? ఆ వీధి ఇలవేల్పు చౌడేశ్వరీ అమ్మవారే పిల్ల ఒంట్లో కూర్చుని ప్రాణం పట్టి ఉంచిందని తేలిపోయింది. ఎవరు తేల్చారని అడగకండి, అలాంటివన్నీ వీధి తేలుస్తుంది. ఆ ఏటి నుంచి అమ్మవారి ఉత్సవంలో బియ్యప్పిండి జ్యోతిని మొదట తలకెత్తుకునేది ఆమే. పిల్లలకు జ్వరం వస్తే తల్లులు ఆమె చేతి కుంకుమ కోసం వస్తారు. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఆమెను పిలిచి దారం తాకిస్తారు. వీరభద్రయ్య అయితే చెల్లెల్ని పేరు పెట్టి పిలవడమే మానేసి, చౌడమ్మా అనడం మొదలుపెట్టాడు.

మర్యాద ఎవరికి చేదు? చౌడేశ్వరికీ తియ్యగానే ఉండేది. కాని జ్యోతి తలకెత్తుకున్న ప్రతిసారీ ఆమె ఒళ్లు చల్లబడేది. చూసేవాళ్లు అది పూనకం అనుకునేవాళ్లు. ఆ బల్ల మీద పడున్నప్పుడు తన పక్కన ఎవ్వరూ లేరని ఆమెకు తెలుసు. అమ్మవారు రాలేదు. అక్కడ ఉన్నది భయం ఒక్కటే. ఆ మాట పైకి అనడానికి ఏనాడూ నోరు రాలేదు.

దానికి ఇంకొకటి తోడైంది. కొన్నేళ్లకు ఆమె మరిది బండి మీద నుంచి పడి దవడ విరగ్గొట్టుకున్నాడు. మరిదంటే మేనత్త రెండో కొడుకే. గుంటూరు వైపు ఎక్కడో మత్తిచ్చి ఆపరేషన్ చేశారు. ఆయనకు మళ్లీ ఊపిరి రాలేదు. ఉత్సవం నాడు మాంసం తిన్నాడు, అమ్మవారికి కోపం వచ్చిందని వీధి తీర్పు చెప్పింది. ఒకే ఇంటి మనుషులు ఇద్దరికి ఒకే తీరున ఊపిరాగితే, ఒకరిది వరమూ ఇంకొకరిది శాపమూ ఎలా అయ్యాయో చౌడేశ్వరికి మింగుడు పడలేదు. ఆ రోజు నుంచీ ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ఆమెకు భయం పట్టుకునేది. ఇన్నాళ్లూ అదృష్టం, ఎవరికీ పూర్తి మత్తు దాకా రాలేదు.

ఇప్పుడు వచ్చింది, అదీ మాధురికి.

స్ట్రెచర్ థియేటర్ తలుపు వైపు కదిలింది. చెబుదామని చౌడేశ్వరి పెదవి విప్పింది. అంతలో ఇంకో భయం వెనక నుంచి పట్టుకుంది. ఇన్నేళ్లూ అమ్మవారి పేరు మీద దండాలు పెట్టించుకుని, ఇవాళ ఆమె ప్రమేయమే లేదని చెబితే? నిజంగా ఆమే వచ్చి ఉంటే? కాదన్నందుకు పిల్లను తీసుకుపోతే? చెప్పకపోతే మందు చంపుతుందేమో, చెబితే దేవత చంపుతుందేమో. మధ్యలో నెత్తురోడుతున్న పిల్ల ఉంది.

మాధురి తల పక్కకు వాలింది. చౌడేశ్వరి గోడ వదిలి పరిగెత్తింది.

“మేడం, ఆగండి. నాకు జరిగింది. మత్తిస్తే ఊపిరి ఆగిపోయింది నాకు.”

వీరభద్రయ్య వెనక నుంచి వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు. “చౌడమ్మా, అది వేరు. ఆ సంగతి ఇక్కడెందుకు? ఆవిడ మత్తు గురించి అడుగుతుంటే నువ్వు అమ్మవారి సంగతి తెచ్చి పెడతావేంటి? టైం లేదంటన్నారు కదా.”

“అమ్మవారు కాదు అన్నయ్యా. చెయ్యి వదులు.”

“ఏం మాటది? కళ్లు మూసుకో, లెంపలేసుకో ముందు.”

“వదులన్నానా.”

ఆ గొంతు విని ఆయన వదిలాడు. చెల్లెలు తన మీద గొంతు పెంచడం అదే మొదలు. డాక్టరు హరిచందన స్ట్రెచర్ తోసేవాళ్లను వెళ్లమని సైగ చేసి, తలుపు దగ్గరే నిలబడింది.

“తొందరగా చెప్పండమ్మా. ఎంతసేపు ఆగింది ఊపిరి?”

“పగలంతా ఆగింది. సంచి నొక్కుతా కూర్చున్నారు. నాకు తెలివుందండీ. అన్నీ వినపడతన్నాయి, కదల్లేకపోయా. మా మరిదికీ ఇట్టాగే అయింది. ఆయన పోయాడు.”

“మీ ఆయన మీకు చుట్టమేనా?”

“మేనత్త కొడుకండీ. మాధురిని కూడా మా అన్నకొడుక్కే ఇచ్చాం.”

డాక్టరు ఇంకేమీ అడగలేదు. తలుపు తోస్తూనే లోపలికి గట్టిగా చెప్పింది. “సక్సినైల్‌కోలిన్ వద్దు. తీసింది పక్కన పెట్టెయ్యండి. రోక్యురోనియం తియ్యండి, దాని విరుగుడు కూడా తెచ్చి పెట్టండి.” తలుపు మూసుకుంది.

చౌడేశ్వరికి ఆ పేర్లలో ఒక్కటీ అర్థం కాలేదు. ఒక మందు వద్దన్నారు, ఇంకోటి తియ్యమన్నారు, అంతే తెలిసింది. మందు మార్చడమే తప్పయి ఉంటే ఆ తప్పు తనది. ఆమె నేల మీదే కూర్చుంది.

వీరభద్రయ్య అటూ ఇటూ తిరిగాడు. తిరిగి తిరిగి ఆమె ముందు ఆగాడు.

“అమ్మవారిని గుమ్మం దగ్గర కాదన్నావు. పిల్లకేమన్నా అయితే పూచీ ఎవరిది?”

“నాదే.”

“ఊళ్లో ఎట్టా తలెత్తుకుంటాం?”

“పిల్ల లేవనీ అన్నయ్యా. తలెత్తడం సంగతి తర్వాత చూద్దాం.”

ఉమామహేశ్ రక్తం సంచులున్న డబ్బా గుండెకు హత్తుకుని మెట్లు ఎక్కి వచ్చాడు. నర్సు అందుకుని లోపలికి పోయింది. అత్త నేల మీద ఎందుకు కూర్చుందో, తండ్రి మొహం ఎందుకలా ఉందో అతనికి అర్థం కాలేదు. పోయి థియేటర్ తలుపుకు నుదురానించి నిలబడ్డాడు.

కాసేపటికి ఒక నర్సు బిడ్డను గుడ్డలో చుట్టుకుని పరుగున పక్క గదిలోకి తీసుకెళ్లింది. ఆడపిల్ల, బరువు తక్కువ, వెచ్చగా ఉండే అద్దాల పెట్టెలో పెట్టాలి అంది. ఏడిచిందా అని ఉమామహేశ్ అడిగాడు. ఏడిచింది, సన్నగా ఏడిచింది అని చెప్పింది. వీరభద్రయ్య కళ్లు తుడుచుకున్నాడు. చౌడేశ్వరి మాత్రం మనవరాలి వైపు చూడలేదు. చూడాలనే ఉంది, కాని కళ్లు థియేటర్ తలుపు మీద నుంచి రాలేదు. ఆరోజు ఆమెకూ ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాతే కదా ఊపిరి రానిది.

“అమ్మాయి లేచిందా?” అని ఇంకో నర్సును అడిగింది.

“కుట్లు అయిపోయినయ్యండీ. ఇంకా లేవలా.”

ఇంకా లేవలేదు. తలుపు అవతల పిల్ల కళ్లు మూసుకుని అన్నీ వింటోందేమో. అమ్మా అని పిలవాలని చూస్తోందేమో. చౌడేశ్వరి అలవాటు కొద్దీ దండం పెట్టబోయి చేతులు దించేసింది. ఎవరికని పెట్టుకుంటుంది? కాసేపటి కింద కాదన్న అమ్మవారినే ఇప్పుడు కాపాడమనడానికి సిగ్గేసింది. అందుకని తలుపుకు దగ్గరగా జరిగి, లోపలికి వినపడేలా మాట్లాడింది.

“మాధురీ, నేనిక్కడే ఉన్నా. నువ్వు బతికే ఉన్నావు తల్లీ. నాకు తెలుసు.”

నర్సు వచ్చి, అలా అరవకూడదండీ అంది. చౌడేశ్వరి వినలేదు. ఇంకోసారి చెప్పింది, ఇంకోసారి చెప్పింది. ఆరోజు తనతో ఎవరైనా ఒక్కరు ఆ మాట అని ఉంటే సగం భయం పోయేది. ఉమామహేశ్ నర్సుకు దండం పెట్టి, ఉండనివ్వండి అన్నాడు.

తలుపు తెరుచుకుని హరిచందన వచ్చింది. ముఖం నిండా చెమట.

“లేచింది. తనంతట తనే ఊపిరి తీసుకుంటోంది. గొట్టం తీసేశాం.”

డాక్టరు చౌడేశ్వరి పక్కనే నేల మీద కూర్చుంది.

“మామూలుగా మేం వాడే మందు ఒకటుందమ్మా. గొట్టం వెయ్యడానికి కండరాలన్నీ వదులు చేస్తుంది. దాన్ని విరగ్గొట్టే పదార్థం రక్తంలో ఉంటుంది. అందరికీ నిమిషాల్లో విరిగిపోతుంది. కొందరికి ఆ పదార్థం పుట్టుకతోనే సరిగ్గా తయారవదు. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ అదే జన్యువు వస్తే అట్లా అవుతుంది. మేనరికాలున్న ఇళ్లల్లో ఇలాంటిది కలిసి రావడానికి వీలెక్కువ. వాళ్లకు ఆ మందు గంటల తరబడి దిగదు. మీకది అయ్యుంటుందని నా అనుమానం. టెస్టులు చేస్తే తెలుస్తుంది. అమ్మాయిక్కూడా ఉండొచ్చు కాబట్టి ఆ మందు ముట్టుకోలేదు.”

“అయితే నాకు వినపడింది...” చౌడేశ్వరి ఆగింది.

“నిజంగానే వినపడిందమ్మా. ఆ మందు కండరాలను కదలనివ్వదు, తెలివినేం చెయ్యదు. నిద్రకని ఇచ్చిన మత్తు దిగిపోయి ఉంటుంది, ఇది దిగలేదు. మీరు మెలకువగానే ఉన్నారు. ఎంత నరకం పడ్డారో.”

ఎంత నరకం పడ్డావని ఆమెను ఎవరూ అడగలేదు. తల్లి దండం పెట్టింది, భర్త దండం పెట్టాడు, వీధి దండం పెట్టింది. చౌడేశ్వరి డాక్టరు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పిల్ల దక్కినందుకూ, తన మాట ఒకరు నమ్మినందుకూ కలిపి ఏడ్చింది. హరిచందన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంట్లో అందరూ రక్త పరీక్ష చేయించుకోవాలని, ఎవరికి ఏ ఆపరేషన్ అయినా ఈ సంగతి ముందే చెప్పాలని వీరభద్రయ్యకు చెప్పి లోపలికి వెళ్లిపోయింది. ఉమామహేశ్ బిడ్డ ఉన్న గది వైపు నడిచాడు.

వరండాలో అన్నాచెల్లెళ్లిద్దరే మిగిలారు. వీరభద్రయ్య కుర్చీలో కూర్చున్నాడు. పిల్ల బతికిందన్న సంతోషంలో ఉండవలసిన మనిషి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు.

“చౌడేశ్వరీ,” అన్నాడు. పూర్తి పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్లయిందో. “ఆరోజు సాయంత్రం నన్ను లోపలికి రానిచ్చారు.”

“తెలుసు.”

“నీ కాళ్ల దగ్గర నిలబడ్డా.”

“తల దగ్గర.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. “అయితే నేనన్నది విన్నావు.”

చౌడేశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది. వినలేదంటే సరిపోతుంది. కాని ఇవాళ ఆమె ఆ రకం మాటలు మాట్లాడే స్థితిలో లేదు.

“ఇంక ఆపెయ్యండి, దాన్ని బాధ పెట్టొద్దు, ఇంటికి తీసుకుపోతాం అన్నావు. సంచి నొక్కే అతను, గుండె కొట్టుకుంటంది, నేను ఆపను అన్నాడు. నువ్వు మళ్లీ అడిగావు.”

“పోయావనుకున్నానే. అమ్మ అక్కడ చచ్చిపోయేట్టుంది. నీ ప్రాణానికి సుఖమని...”

“తెలుసు అన్నయ్యా.”

“అమ్మకు అన్నీ చెప్పి ఇదొక్కటీ చెప్పలేదు నువ్వు. అందుకని నువ్వు వినలేదనుకున్నా. విన్నది అమ్మవారనుకుంటే ఇంకా తేలికయ్యింది. ఆవిడకైతే కొబ్బరికాయ కొట్టి లెంపలేసుకుంటే సరిపోద్ది. నీకేం కొట్టను?”

చౌడేశ్వరికి కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కడ ఉందో తెలియని కోపం. ఈ మనిషి రెండోసారి అడిగినప్పుడు ఆ బల్ల మీద ఆమె పడ్డ భయం మాటల్లో పెట్టేది కాదు. కాని ఎదురుగా కూర్చున్నది ముసలాయన. అబద్ధమెందుకు, విన్నది అమ్మవారనుకుంటే తనకూ తేలిగ్గానే ఉండేది. అలా సర్దుకోబట్టే అన్న ఇంట్లో అన్నం తినగలిగింది, అన్న కొడుక్కి పిల్లనివ్వగలిగింది.

నర్సు తలుపు తీసి, అమ్మాయి అమ్మా అని అడుగుతోంది, ఎవరైనా ఇద్దరు రండి అంది. చౌడేశ్వరి గోడ పట్టుకుని లేచింది. వీరభద్రయ్య లేవలేదు. తనకు ఆ గదిలోకి వెళ్లే అర్హత లేదన్నట్టు కూర్చున్నాడు. చెయ్యి అందించాలని ఆమెకు అనిపించింది, వెంటనే అందించలేకపోయింది. నాలుగడుగులు ఒంటరిగానే వేసి, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది.

“రా అన్నయ్యా,” అంది. “పిల్ల ఊపిరి తీసుకుంటంది. దగ్గర నిలబడి చూద్దువుగాని.”